పసిబిడ్డ ఉన్న ఇంట పిల్లి

(బరంపురములో మన సంఘ కుటుంబ సభయందు ఒక వర్తక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ విషయమును గూర్చి మాటలాడుటకు వైద్యుడు తగినవాడు గాని బియ్యపు వర్తకుడు కాదని మీలో కొందరు అనుకొనవచ్చును. అది నిజమే. అయినను పిల్లితో బియ్యపు వర్తకునకు ఉన్నంత సంబంధము వైద్యునకు లేదు. గోనెసంచి ఉన్నచోట ఎలుక ఉండును. ఎలుక ఉన్నచోట పిల్లి లేనిదే వ్యాపారము సాగదు. మా తాతగారి కాలము నుండి కొట్టు వెనుకనున్న మా ఇంట పిల్లి లేని దినము లేదు. ఆ ఇంటికే మా అక్కచెల్లెండ్రు పురుళ్ళకు వచ్చిరి. ఇప్పుడు మా పెద్దమ్మాయి వచ్చినది. వైద్యులను అడిగి తెలిసికొన్నదియు, ఇంట ఆచరించి చూచినదియు మాత్రమే మీకు మనవి చేయుచున్నాను.

నేను లేచి నిలుచుటకు ఇంకొక కారణము కూడ కలదు. ఇక్కడి ఆసుపత్రులలో వైద్యులు ఒడియాలోనో ఆంగ్లములోనో చెప్పుదురు. మన అమ్మాయిలకు అది చక్కగా అర్థమగును. కాని ఇంటికి వచ్చిన తరువాత ఉయ్యాల ఊపునది అమ్మమ్మ. ఆమెకు తెలుగులో కూర్చుండబెట్టి చెప్పువారు లేరు. అందువలన ఒక ఇంట భయము, ఇంకొక ఇంట అజాగ్రత్త.

భయపడువారు ఏమి చేయుచున్నారు? అమ్మాయి పురిటికి వచ్చుచున్నదని తెలియగానే పిల్లిని గోనెసంచిలో కట్టి, చీకటి పడిన తరువాత ఊరవతల విడిచి వచ్చుచున్నారు. ఆకలితో చచ్చునట్లు పెంపుడు జంతువును విడిచిపెట్టుట 1960లో చేసిన జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని దానము చేయవలెనని నమ్ము మన పెద్దలే ఈ పనికి సంచి పట్టుకొనుట నాకు విచిత్రముగా తోచును. సరే, పాపపుణ్యముల మాట అటుంచి లాభనష్టములు చూతము. మీ పిల్లి పోయినచో ఎలుకలు వచ్చును, ఎలుకల వెంట వీధిపిల్లి వచ్చును. మీ పిల్లికి టీకా వేయించి ఉందురు. ఆ వచ్చినదానికి ఎవరు వేయించిరి? తెలిసిన పిల్లిని పంపి తెలియనిదానిని పిలుచుకొన్నట్లగును.

పిల్లి పసిబిడ్డ ఊపిరి పీల్చునని ముసలివారు చెప్పుదురు. ఇంగ్లాండు మొదలగు దేశములలో కూడ ఈ మాట ఉండెడిది. పిల్లి ఊపిరి పీల్చదు. అయితే ఆ భయమును నవ్వి త్రోసివేయకుడు. పిల్లికి వెచ్చదనము ప్రాణము. బట్టలలో చుట్టిన పసిబిడ్డ వెచ్చగా ఉండును, పాలవాసన వచ్చును. పిల్లి మెల్లగా పోయి ముఖము ప్రక్కన ముడుచుకొని పండుకొనును. దానికి ఏ దురుద్దేశమును లేదు. కాని పుట్టిన మొదటి మూడు నాలుగు మాసములు బిడ్డ పొరలలేదు, ముఖముమీద అడ్డుపడినదానిని త్రోసివేయలేదు. తూకము మా వృత్తి గనుక చెప్పుచున్నాను: మన ఇండ్లలో పుట్టిన బిడ్డ రెండున్నర లేక మూడు కిలోలు తూగును, పెరిగిన పిల్లి మూడు నాలుగు కిలోలు తూగును. అనగా పిల్లియే బరువు.

అందుచేత బిడ్డ నిద్రించు గదిలో పిల్లి ఉండరాదు. పగలైనను, రాత్రియైనను, అర నిమిషమునకైనను కూడదు. చీర ఉయ్యాల మరింత ప్రమాదకరము. లోపల ఏమున్నదో దూరమునుండి కనబడదు. గొడుగువలె తెరచి బోర్లించు దోమతెర దోమలను ఆపును గాని పిల్లి బరువును ఆపలేదు; పైకి దూకినచో తెరయు పిల్లియు బిడ్డమీదనే పడును. గదికి జాలి తలుపు పెట్టించినచో గాలియు వచ్చును, బిడ్డ ఏడ్పును వినబడును. వడ్రంగికి అది ఒక పూట పని. మనము ఇరువది యొకటవ దినమున ఉయ్యాలలో వేయుదుము గదా. అంతవరకు ఉయ్యాలను కట్టి ఖాళీగా ఉంచకుడు. ఖాళీ ఉయ్యాల దొరికినచో పిల్లియే ముందు బారసాల చేసికొనును. తరువాత దానిని అక్కడినుండి తప్పించుట కష్టము.

పంచతంత్రములో ముంగిస కథ మీకందరకు తెలిసినదే. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను తొందరపడి చంపిరని మనము విచారింతుము. ఆ బిడ్డను జంతువునకు అప్పగించి పెద్దలు ఎక్కడికి పోయిరని మాత్రము ఎవరును అడుగరు. నేను ఆ కథ విన్నప్పుడెల్ల ఆ ప్రశ్నయే వేయుదును.

ఇక బిడ్డ పుట్టకముందు సంగతి. పిల్లి మలములో టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. ఎలుకలను, పిట్టలను, పచ్చిమాంసమును తిన్న పిల్లికి ఇది అంటును. గిడ్డంగి పిల్లికి ఆ అవకాశము ఎక్కువ. గర్భిణికి మొదటిసారిగా ఆ సమయముననే ఇది సోకినచో కడుపులోని బిడ్డ కన్నులకును మెదడునకును హాని కలుగవచ్చును. కాని పిల్లిని నిమిరినంత మాత్రమున ఇది రాదు. విసర్జించిన మలములో ఆ జీవి అంటునట్టి స్థితికి వచ్చుటకు కనీసము ఒక దినము పట్టును. కనుక పిల్లి ఇసుకతొట్టిని ప్రతిదినము శుభ్రము చేయవలెను. ఆ పని గర్భిణి చేయరాదు, మగవారు చేయవలెను. నవ్వకుడు, మా ఇంట నేనే చేయుచున్నాను. సరిగా ఉడకని మాంసము, కడుగని ఆకుకూరలు, పెరటి మట్టి వలన కూడ ఇది వచ్చును గనుక నేరమంతయు పిల్లిమీదనే వేయరాదు.

సీమంతమునకు అమ్మాయి వచ్చిన దినము నుండియే పిల్లి పడకను, ఇసుకతొట్టిని, అన్నపు పళ్ళెమును పురిటి గదికి దూరముగా మార్చుడు. మార్పు మెల్లగా జరిగినచో పిల్లి సహించును. బిడ్డ వచ్చిన దినముననే దానిని తరిమినచో కలత చెంది, ఎక్కడబడిన అక్కడ మూత్రము పోయును. ఆసుపత్రినుండి బిడ్డకు చుట్టిన గుడ్డ ఒకటి ముందుగా ఇంటికి తెచ్చి పిల్లిని వాసన చూడనిండు. తరువాత బిడ్డ వచ్చినపుడు అది క్రొత్త మనిషి కాదు. అన్నము పెట్టు వేళ తప్పించకుడు. దాని గోళ్ళ కొనలు కత్తిరించుచుండుడు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. ఆ సమయమున మీ అటకమీద అది ఈనియున్నచో దాని దగ్గరకు ఎవరును పోకుడు, తల్లిపిల్లి గీరును. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించినచో ఈ చిక్కు ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇప్పుడు చెప్పుదును. పిచ్చిరోగము కుక్కవలననే వచ్చునని మనవారి నమ్మకము. పిల్లివలనను వచ్చును. ఆ రోగ లక్షణములు బయటపడిన తరువాత బ్రదుకుట లేదనియే చెప్పవలెను. బయటపడకముందు టీకా తప్పక కాపాడును. పిల్లికి మూడవ నెలలో టీకా వేయించి, ఏటేట మరల వేయించుడు. బిడ్డను పిల్లి గీరినను కరచినను గాయమును ధారగా పారు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగుడు. చాల ఎక్కువ సేపు అనిపించును. పసుపు, కారము, సున్నము, కాఫీపొడి ఏదియు పెట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

మా వీధిలో ఒక ఇంట నాలుగు నెలల బిడ్డకు చేతిమీద గీత పడినది. మంత్రించి దారము కట్టిరి. బిడ్డ మరీ చిన్నది, సూది ఓర్చుకొనలేదని అమ్మమ్మగారి వాదము. నేను పోయి అడుగగా ఆమె తన చిన్ననాట బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు వేసిన సంగతి చెప్పినది. ఆమె భయము అబద్ధము కాదు. గొర్రె మెదడునుండి తీసిన ఆ పాత మందు అట్లే ఉండెడిది. మన దేశమున దానిని 2005 నాటికి మానివేసిరి. ఇప్పటి టీకా వేరు. పెద్దలకు భుజమునను, పసివారికి తొడను వేయుదురు. ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి దినమును సున్నగా లెక్కించి 3, 7, 28వ దినములలో మరల వేయుదురు. పసిబిడ్డకు, గర్భిణికి, బాలింతకు ఎవరికైనను వేయవచ్చును. రక్తము వచ్చిన గాయమైనచో గాయములోనే ఇమ్యునోగ్లోబులిన్ అను మందు కూడ వేయవలసి ఉండును. అది అడిగి వేయించుకొనుడు. పది దినములు పిల్లిని కనిపెట్టి చూడుమని వైద్యులు చెప్పుదురు, అట్లే చూడవలెను. కాని అది ఏమగునో చూచి అప్పుడు పోదమని కూర్చుండరాదు. ఆ బిడ్డను మరునాడు తీసికొనిపోయిరి. ఇప్పుడు బడికి పోవుచున్నది.

తామర, ఈగుల వంటి చిన్న బాధలు పశువైద్యుని మందుతో పోవును. బిడ్డకు తరచు పిల్లికూతలవంటి ఊపిరియు తుమ్ములును ఉన్నచో వైద్యునకు మీ ఇంట పిల్లి ఉన్నదని తప్పక చెప్పుడు. అటువంటి బిడ్డ ఉన్న ఇంట పిల్లిని వేరొక ఇంటికి ఇచ్చివేయుట తప్పుకాదు. సంచి కట్టుట వేరు, తెలిసినవారి ఇంట అప్పగించుట వేరు.

బిడ్డ ప్రాకు నాటికి కథ మారును. అప్పుడు బిడ్డనుండి పిల్లికే అపాయము! తోక పట్టి లాగును, దాని పళ్ళెములో చేయి పెట్టును. పిల్లి పారిపోయి ఎక్కుటకు ఎత్తైన చోటు ఒకటి ఉంచుడు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టుదురని ఎలుకలు సభ చేసినవట. మన ఇండ్లలో అమ్మమ్మలు కట్టవచ్చును. చూపు ఆననివారికి గంట చప్పుడు మంచి కాపలా. చిక్కుకొన్నచో తెగిపోవు పలుచని దారముతో కట్టుడు. మన మనుమలు దానిని తెలుగులో పిల్లి అని పిలిచినను, ఒడియాలో బిలెయి అని పిలిచినను అది పలుకుచున్నది. కావున గంట శబ్దమునకు అర్థము చెప్పవలసిన పని కూడ లేదు.

ఈ మూడు నెలలలో పురుడు రానున్న ఇండ్లవారు, ఇంట పిల్లి ఉన్నచో, సభ ముగిసిన పిమ్మట కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించుడు. పశువైద్యుని ఒక ఆదివారము మన సంఘ భవనమునకే పిలిపించి అన్నిటికి ఒక్కసారి టీకాలు వేయింతము. పిల్లులను బుట్టలలో మూతపెట్టి తీసికొనిరండు; గోనెసంచులలో మాత్రము వలదు.