వసంతకాలపు గాలివానలు – కల్లములోని పంట

ఖమ్మము మొదలు భద్రాచలము అడవి అంచు వరకు గల భూములలో మిరప, మొక్కజొన్న, యాసంగి వరి చేతికి వచ్చు కాలమును, గాలివానల కాలమును ఒక్కటియే. నైరృతి ఋతుపవనము జూను మాసమునగాని రాదు. ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు కురియు ఈ వాన పండినదానిని చెరచును.

ఎండకు నేల కాగి వేడిగాలి పైకెగయును. బంగాళాఖాతము నుండి వచ్చు తేమగాలి దానితో కలిసినపుడు, మధ్యాహ్నము తిరుగగనే మేఘములు గోపురములవలె లేచును. పిమ్మట ఈదురుగాలి, పిడుగులు, ఒక్కొక్కప్పుడు వడగండ్లు. 2023 మార్చిలో ఇట్టి వానకే బోనకల్లు ప్రాంతమున మొక్కజొన్న నేలకొరిగెను.

కావున ప్రతిదినము వాతావరణశాఖవారి సూచన తెలిసికొనుడు. కల్లమును మెరకపై ఏర్పరచి చుట్టును కాలువ తీయుడు. మిరపకాయలను వట్టినేలపై గాక పరదాలపై ఆరబోయుడు. మబ్బు కమ్ముటకు ముందే కుప్పచేసి కప్పి, అంచులకు బరువులు పెట్టుడు. తడిసిన కాయ రంగు చెడి, బూజుపట్టి, ధర కోల్పోవును. వాన వెలిసిన వెంటనే పరదా తీయుడు. లోపలి ఉక్కయు చేటే. గాలి సూచన ఉన్నపుడు మొక్కజొన్నకు నీరు పెట్టకుడు. తడినేలలో వేళ్లు పట్టు తప్పును.

ఉరుము వినబడినంతనే చెట్టుక్రింద నిలువక, పశువులను అచట కట్టక, ఇల్లు చేరుడు. నష్టము గలిగినచో ఆలసింపక వ్యవసాయాధికారికి తెలుపుడు.

మబ్బు చూచి పరుగెత్తుటకన్న, ఉదయముననే పరదాలను కల్లము చెంత ఉంచుకొనుట మేలు.