మన పేర్లు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి వెళ్లే దారి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. భోజనానికి ముందు కంప్యూటరు సంగతులంటే మీకెంత విసుగో నాకు తెలుసు. అయినా ఇది మన పెన్షను సంగతి, కాస్త ఓపిక పట్టండి.

నేను ఉద్యోగమంతా ఈ ఊళ్లోనే, లెక్కల యంత్రాల విభాగంలో చేశాను. పాత యంత్రంలోని వివరాలు బయటికి తీయడం, కొత్త యంత్రానికి సరిపడేలా మార్చడం, అందులో చేర్చడం మా పని. ఈ మూడింటినీ కలిపి ఇప్పటి పిల్లలు ఈటీఎల్ అంటున్నారు. మేము కోబాల్‌లో రాత్రింబవళ్లు కూర్చుని రాసినదాన్ని ఇప్పుడు తయారుగా దొరికే పనిముట్లతో చేస్తున్నారు. 1993లో అమెరికాలో మొదలైన ఇన్ఫర్మాటికా వాటిలో ఒకటి. మీ ఇళ్లల్లో ఎవరో ఒకరు అమీర్‌పేటలో ఆ కోర్సు చేసే ఉంటారు.

విశాఖవాళ్లకు ఇది అర్థం కానిదేమీ కాదు. బైలదిల్లా నుంచి కిరండూల్ లైను మీద ఖనిజం వస్తుంది. వ్యాగన్లు తిరగేసి దింపుతారు, నమూనా తీసి చూస్తారు, ఆ తర్వాతే ఓడకెక్కిస్తారు. ఉక్కు కర్మాగారంలోనూ వచ్చిన ముడిసరుకును వచ్చినట్టే కొలిమిలో పొయ్యరు కదా. జల్లించి, పాళ్లు కలిపి, సింటర్ చేసి మరీ పంపిస్తారు. వివరాలకూ అంతే. చిక్కంతా ఆ మధ్య పనిలోనే ఉంది.

అందులో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పాత యంత్రంలో నామినీ పేరుకు 30 గళ్లు, కొత్తదానిలో 25. ఎక్కువైన అక్షరాలను కోసెయ్యమని ప్రోగ్రాము రాసింది నేనే. మా విభాగంలోనే పనిచేసిన ఒక మిత్రుడి భార్య పేరు పొడుగు. ఆవిడ అసలు పేరు చెప్పడం మర్యాద కాదు, అటువంటిదే ఒకటి అనుకోండి: రెండు పొడి అక్షరాలు, తర్వాత వెంకట సూర్యనారాయణమ్మ. ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 28. చివరి మూడక్షరాలు రాలిపోయి ఆవిడ సూర్యనారాయణ అయిపోయారు. ఆ మార్పిడి రాత్రి నేను మొత్తం ఎన్ని రికార్డులో లెక్క చూశాను, జీతాల మొత్తం చూశాను, రెండూ పైసాతో సహా సరిపోయాయి. సంతకం పెట్టి ఇంటికెళ్లి నిద్రపోయాను.

మిత్రుడు పోయాక ఆవిడ కుటుంబ పెన్షను కాగితాలు తిరిగొచ్చాయి. నామినీ మగవారి పేరు, భార్య అని ఎలా నమ్మాలన్నారు. ఏడు నెలలు తిరిగారు. ఆ పొరపాటు ఎవరిదో ఆవిడకు తెలియదు. మా ఇంటికొచ్చి, "అన్నయ్యగారూ, మీకు కంప్యూటరు తెలుసు కదా, కాస్త చూడండి" అన్నారు. చూశాను, సరిచేయించాను. నా వల్లే జరిగిందని మాత్రం చెప్పలేకపోయాను. ఆవిడ మా ఇంటికి పూతరేకులు పంపించారు.

ఆనాడు చేయవలసిందేమిటంటే, గళ్లు చాలని పేర్లను కోయకుండా విడిగా జాబితా తీసి మనిషి చేత చూపించాలి. ఇప్పటి పనిముట్లు ఇమడని రికార్డును పక్కకు పెట్టగలవు, కానీ పెట్టమని చెప్పేది మనిషే. మొత్తాలు సరిపోవడం వేరు, మనుషులు సరిపోవడం వేరు.

తేదీలదీ ఇదే తంతు. 11-05-1938 అంటే మనకు మే 11. అమెరికా పద్ధతిలో చదివే యంత్రానికి నవంబరు 5. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 80 ఏళ్లు నిండితే 20 శాతం అదనం కదా, అది ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఖాతా నంబరు ముందున్న సున్నాలను విలువ లేనివని తీసేసే యంత్రాలూ ఉన్నాయి.

ఈ మార్పిళ్లు ఆగేవి కావు. 2020 ఏప్రిల్ 1న మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన బ్యాంకు అది. పేరు పోయినందుకు బాధపడ్డాం, కానీ ఆ వెనక మన ఖాతాలన్నీ ఇల్లు మారాయి, ఐఎఫ్ఎస్ కోడులు మారాయి. 2025 జనవరి నుంచి ప్రావిడెంటు ఫండు వారు 68 లక్షల పైచిలుకు పెన్షనర్లకు ఒకే కేంద్రీకృత పద్ధతిలో చెల్లిస్తున్నారు. ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు. మంచిదే. అయితే అన్ని ప్రాంతీయ కార్యాలయాల్లోని పేర్లూ ఒకచోటికి చేరేటప్పుడు మీ పేరు ఎలా చేరిందో చూసుకోవలసింది మీరే.

కాబట్టి పీపీఓ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మీ పేరు కంటే ముందు మీ ఇంట్లోవాళ్ల పేరు చూడండి. తేడా ఉంటే మీరుండగానే దరఖాస్తు పెట్టండి, అక్నాలెడ్జిమెంటు దాచండి.

భోజనాల తర్వాత ఎడమవైపు బల్ల దగ్గర కూర్చుంటాను. కాగితాలు తెచ్చినవాళ్లు రండి. భూతద్దం నేనే తెచ్చాను.