ట్యాంకరులోకి దిగకండి: మల్దకల్ డ్రైవర్ల సమావేశంలో ప్రసంగ పాఠం

బీమా గురించి చెప్పమన్నారు, చెప్తాను. ముందు ఇంకో మాట.

లోడు దింపాక ఫ్యాక్టరీలో 'ట్యాంకరు కడిగేసెయ్' అంటారు. మూత తీస్తే అడుగున కొంచెం మడ్డి. ఐదు నిమిషాల పనే అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. అందులో ఉండేది యాసిడ్ కాదు, మనం వంటకు వాడే నూనె.

మూసిన ట్యాంకులో మడ్డి కుళ్లినా, ఇనుము తుప్పు పట్టినా ఆక్సిజన్ తరిగిపోతుంది. బయట గాలిలో అది 21 శాతం దాకా ఉంటుంది. 10 కంటే తగ్గితే మనిషి కేక వేసేలోపే కూలిపోతాడు. ముక్కుకు దస్తీ కట్టుకుంటే లేని గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

తోటివాడు పడ్డాడని వెంటనే దూకకండి, రెండో ప్రాణం పోయేది అక్కడే. పైనుంచే మనుషులను పిలవండి, 101కి, 108కి ఫోన్ చేయండి.

2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లో 36వ సెక్షన్ ఉండేది. విషవాయువు ఉండే ట్యాంకులోకి మనిషిని దించాలంటే గాలి పరీక్షించి రాసిచ్చిన కాగితం ఉండాలి. లేదంటే శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దాని తాడు పట్టుకొని బయట ఒక మనిషి ఉండాలి. 'కాగితం చూపించండి సార్' అని అడగండి. కిరాయి ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అడగండి.

ఇక బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, వయసు 18 నుంచి 70. ప్రమాదంలో చనిపోతే నామినీకి 2 లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా వర్తిస్తుంది, మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 ఉంచండి. పాసుబుక్కు తెచ్చినవాళ్లు ఈ టేబుల్ దగ్గరికి రండి, నామినీ పేరు ఎక్కిందో లేదో చూద్దాం.