ఉపగ్రహమూ, జలాశయంలోని కలకా

వానకాలంలో ఏటికి కొత్తనీరు వచ్చిందని మనవారు అంటారు. ఆ నీటికి తాను దాటివచ్చిన నేల రంగు అంటుతుంది. రేగడి భూములను కడిగి వచ్చిన నీరు నల్లగా, చెలక నేలల మీదుగా వచ్చినది ఎర్రగా ఉంటుంది. బిందెలో పట్టి కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి మట్టి అడుగున పేరుకుంటుంది. అంత ఓపిక లేని ఇల్లాండ్రు చిల్లగింజ అరగదీసి కలిపేవారు. లేదా పటిక త్రిప్పేవారు. బిందెడు నీటికి ఈ పరీక్ష చాలును. నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనే నాగార్జునసాగరానికి ఏది పరీక్ష? ఒకచోట సీసా ముంచి తెచ్చిన నీరు ఆ ఒక్క చోటికే సాక్ష్యం.

కలకను గురించి ఇంత పట్టింపు దేనికని అడుగవచ్చును. నాగార్జునసాగరం నీరు హైదరాబాదు నగరంలోని ఇండ్లకు వస్తున్నది. మన దేశపు ప్రమాణం ప్రకారం త్రాగేనీటిలో కలక 1 యూనిట్‌కు మించరాదు. వేరే నీరు దొరకని పక్షంలో 5 వరకు ఓర్చుకొనవచ్చును. మట్టిరేణువుల చాటున దాగిన క్రిములు క్లోరినుకు సులభంగా చిక్కవు. అందుచేత కలక పెరిగిన నాడు శుద్ధికేంద్రంలో మందు మోతాదు మార్చవలసి ఉంటుంది. మరి తేరుకొన్న మట్టి ఎక్కడికి పోతుంది? జలాశయం అడుగునే నిలుస్తుంది. 1953 నాటికి 133 టి.ఎం.సి.లుగా లెక్కించిన తుంగభద్ర జలాశయపు నిలువ, 2016 సర్వేలో సుమారు 105.8 టి.ఎం.సి.లుగా తేలింది.

కలకను కొలవడానికి 1865లో ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కి ఒక తేలికైన ఉపాయం చూపాడు. తెల్లని పళ్లెమును త్రాటికి కట్టి నీటిలోకి దించడం, అది కంటికి మరుగైన లోతును గుర్తించడం, అంతే. ఈ పళ్లెం నేటికీ పడవలలో ప్రయాణం చేస్తూనే ఉన్నది. దీనిని మించిన చవక పరికరం నాకు తెలియదు.

ఉపగ్రహం చేసే పని ఇంకొక విధమైనది. తేటనీరు ఎర్రని వెలుతురును చాలావరకు మ్రింగివేస్తుంది. ఎరుపుకు ఆవల, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా హరిస్తుంది. కనుకనే పైనుంచి తీసిన చిత్రంలో తేటనీరు నల్లగా కనిపిస్తుంది. నీటిలో మట్టిరేణువులు తేలుతూ ఉంటే అవి కాంతిని చెదరగొట్టి తిరిగి పైకి పంపుతాయి. ఎరుపు ఎంత హెచ్చితే కలక అంత హెచ్చిందన్నమాట. ఒక హద్దు దాటిన పిమ్మట ఎరుపు ఇక పెరగదు. అప్పుడు పరారుణ కాంతిని చూడవలెను. 1972 జూలైలో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్‌తో ఈ పరిశీలన దారిలో పడింది. 1988 మార్చిలో మన ఐ.ఆర్.ఎస్.–1ఎ ఎగిరింది. నేడు ఐరోపావారి సెంటినెల్–2 జంట, అయిదు రోజులకొకసారి, పది మీటర్ల గడులుగా నేలను చిత్రిస్తున్నది. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితమే. ఏరు జలాశయంలో కలిసేచోట ఎర్రనీరు నాలుకవలె ఎంతదూరం చొచ్చుకొని వచ్చినదీ, ఏ ఒడ్డును అంటి సాగినదీ, ఎక్కడ పలుచబడినదీ ఒక్క చిత్రంలో తెలిసిపోతుంది. పడవవారు వారం రోజులు తిరిగినా ఇది కంటికి ఆనదు.

అంతమాత్రాన ఉపగ్రహం నీటిని పరీక్షించిందనుకొనడం పొరపాటు. అది చూచినది రంగును. ఆ రంగులో కూడా నీటి వంతు స్వల్పమే. ఉపగ్రహాన్ని చేరిన వెలుతురులో అధికభాగం నడుమనున్న గాలీ ధూళీ పంపినది. దానిని లెక్కకట్టి తీసివేయవలెను. నాచు పెరిగిన నీరు, అడుగు కనిపించేటంత లోతుతక్కువ నీరు కూడా లెక్కను తారుమారు చేయగలవు. వరదనీరు బరువుతో అడుగునపడి జారిపోతూ ఉంటే, పైపొరను మాత్రమే చూడగల ఉపగ్రహం జలాశయం తేటగా ఉన్నదనే చెబుతుంది. అన్నింటికీ మించిన చిక్కు మబ్బు. కలక వచ్చేది వానకాలంలో; ఆకాశం మూసుకొనేదీ అప్పుడే! మబ్బును చీల్చి చూడగల రాడారు ఉపగ్రహాలు నీరు ఎంత మేర పరచుకొన్నదో చూపుతాయిగాని నీటిలోని మట్టిని చూపలేవు.

కావున రంగును అంకెగా మార్చేది పడవలోని మనిషి. ఉపగ్రహం పైన సాగే ఉదయాననే, పది పదకొండు గంటల నడుమ, అనేక చోట్ల నీరు పట్టి కలక కొలిచి, ఆ అంకెలను చిత్రంలోని గడులతో జతపరచవలెను. రేగడి బంకమన్నుకు కుదిరిన సూత్రం ఎర్రమట్టికి కుదరదు. తుంగభద్రలో కట్టిన లెక్కను సాగరానికి అంటగట్టరాదు. చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నవి గదా అని పడవ ఖర్చును తగ్గించుకొనే ఆలోచన నాకు బొత్తిగా రుచించదు. ఉపగ్రహం ఏ తేదీన మీదుగా సాగుతుందో ఎంతో ముందుగానే తెలుసును. ఆ తేదీలను గోడమీద వ్రాసి ఉంచుకొనవచ్చును. మబ్బు సంగతి మాత్రం ముందునాటి రాత్రి వాతావరణ సూచన విని, ఆ తరువాతనే పడవవానికి కబురు పంపవలసి ఉంటుంది.