కొలిచింది చెప్పు

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఇంజన్ గ్రైండింగ్ పని చేసే ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడిన మిత్రుల్లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. నేను ఇంజనీరు అనే మాటలో ఇంజన్ దాకా వచ్చి ఆగిపోయినవాణ్ణి. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "నీ పని గురించి పది నిమిషాలు చెప్పు" అంటే, "నా పనిలో ఏముంది, అరగదీయడమే కదా" అన్నాను. "ఆ అరగదీయడం గురించే చెప్పు" అన్నాడు. అందుకే ఈ రోజు క్యామ్‌షాఫ్ట్ గురించి, దాన్ని సాన పట్టడం గురించి, అందులో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

పదో తరగతి అయ్యాక రాణిగంజ్‌లో ఒక గ్రైండింగ్ షాపులో చేరాను. క్రాంక్‌షాఫ్టులు సాన పట్టడం, హెడ్డు లెవెల్ చేయడం, సిలిండర్లు బోరు కొట్టడం అక్కడే నేర్చుకున్నాను. తర్వాత కృష్ణానగర్‌లో సొంత షెడ్డు వేసుకున్నాను. మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లగా ఇటు తరలింది. జూబ్లీహిల్స్ గుట్టల మీద ఇళ్ళు లేచాయి, ఫిల్మ్ నగర్ వెలిసింది. మాలాంటి వాళ్ళకు వాటివల్ల దొరికింది జనరేటర్ వ్యాన్లు, యూనిట్ బస్సులు, కెమెరా బండ్లు. తెర మీద ఎవరున్నా సరే, తెల్లవారుజామున జనరేటర్ స్టార్ట్ కాకపోతే మాత్రం ఫోన్ నాకే వచ్చేది.

అసలు విషయానికి ముందు మన లెక్కల సార్ గురించి ఒక మాట. ఆయన ముందు వరుసలోనే ఉన్నారు. ఎనిమిదో తరగతిలో నల్లబల్ల మీద త్రిభుజం గీసి ఈ కోణం ఎంత అని అడిగారు. నేను లేచి "అరవై సార్" అన్నాను. "కొలిచావా?" "లేదు సార్, చూస్తే అట్లనే ఉంది." సార్ నన్ను బల్ల దగ్గరికి పిలిచి పెద్ద చెక్క కోణమానిని చేతికిచ్చారు. కొలిస్తే యాభై నాలుగు. "చూసింది కాదురా, కొలిచింది చెప్పు" అన్నారు. ఆ రోజు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట విలువ నాకు ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది.

మన బడిలోనే చదివిన ఒక తమ్ముడు కెమెరా విభాగంలో అసిస్టెంటుగా చేసేవాడు. అతని పేరు చెప్పను. అడిగి, ఒప్పుకున్నాకే ఈ కథ చెబుతున్నాను. మూడేళ్ళు కూడబెట్టిన డబ్బుతో ఒక పాత మారుతి ఎస్టీమ్ కొన్నాడు. 1300 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, ఒకే క్యామ్‌షాఫ్ట్. ఒకరోజు షెడ్డుకొచ్చి, "అన్నా, దీనికి టర్బో పెడ్తున్న. కొత్తది కొనే పైసల్లేవు. డీజిల్ బండిది చిన్న టర్బో స్క్రాపుల దొరికింది. దానికంటే ముందు నువ్వు క్యామ్ గ్రైండ్ చేసియ్యి, బండి గుంజాలె" అన్నాడు.

క్యామ్‌షాఫ్ట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ఇంజన్ గాలి పీల్చి వదిలే యంత్రం. పీల్చడానికి ఒక తలుపు, వదలడానికి ఒక తలుపు. అవే వాల్వులు. వాటిని ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అనేది క్యామ్‌షాఫ్ట్ మీదున్న కోడిగుడ్డు ఆకారపు బొడిపెలు నిర్ణయిస్తాయి. వాటిని లోబులంటాం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ స్వభావమంతా ఆ బొడిపె ఆకారంలోనే ఉంటుంది.

అయితే సాన పడితే లోహం తగ్గుతుంది గదా, వాల్వు ఎక్కువ ఎలా లేస్తుంది? షెడ్డుకొచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇది. జూబ్లీహిల్స్‌లో పుట్టిపెరిగినవాళ్ళకు జవాబు సులభం. గుట్ట పక్కన నేల తవ్వితే గుట్ట ఎత్తు పెరిగినట్టే కదా! బొడిపె మొన అలాగే ఉంచి, కింద గుండ్రంగా ఉండే భాగాన్ని తగ్గిస్తాం. మధ్య నుంచి మొనకు 21 మిల్లీమీటర్లు, గుండ్రటి భాగం వ్యాసార్ధం 15 అనుకోండి. లేపేది 6 మిల్లీమీటర్లు. ఆ 15ను 14 చేస్తే లేపేది 7 అవుతుంది. పక్క వాలును మారిస్తే వాల్వు ఎక్కువసేపు తెరుచుకుంటుంది.

కానీ దీనికో హద్దుంది. దర్జీ చొక్కాను లోపలికి కుట్టగలడు గానీ లేని గుడ్డను తేలేడు. కొత్త ఆకారం పాత ఆకారం లోపలే ఇమడాలి. లోబుకు పైన గట్టి పొర ఉంటుంది. అది దాటి సాన పడితే కింది మెత్తటి లోహం బయటపడి, కొద్ది నెలల్లో బొడిపె అరిగిపోతుంది. సాన రాయి వేడెక్కి లోబును కాల్చినా అంతే. గుండ్రటి భాగం తగ్గినందుకు ట్యాపెట్ గ్యాప్ పెరుగుతుంది. రాకర్ మీద స్క్రూ ఉన్న ఇంజన్‌లో ఆ గ్యాప్ సరిచేయొచ్చు గానీ, మరీ ఎక్కువ తిప్పితే రాకర్ వాల్వు మీద వంకరగా కూర్చుంటుంది. వాల్వు ఎక్కువ లేస్తే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుతాయేమో, పిస్టన్ మీద కొడుతుందేమో కూడా చూడాలి. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి అంటించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, నొక్కుకుపోయిన మట్టి మందం కొలుస్తాం. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు, అన్నీ చూసే చేశాను.

నాకు తెలియనిది వేరే ఉంది. అప్పటికి నేను చేసిన స్పీడు క్యాములన్నీ టర్బో లేని రేసు బండ్లవి. వాటికి రెండు వాల్వులూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉండటం మంచిది. దాన్ని ఓవర్‌లాప్ అంటారు. ఎక్కువ వేగంలో బయటికి పోయే పొగ వెళుతూ వెళుతూ కొత్త గాలిని లోపలికి లాగుతుంది. ఐడిల్‌లో మాత్రం ఇంజన్ దడదడలాడుతుంది. ఆ శబ్దమంటే కుర్రాళ్ళకు ప్రాణం. తమ్ముడు ఆ శబ్దం కావాలన్నాడు. నాకూ పేరు కావాలి. "టర్బోకు కూడా ఇది మస్తుగుంటది" అన్నాను. ఎవరినీ అడగలేదు, ఎక్కడా చదవలేదు. చూస్తే అట్లనే ఉంది అనుకున్నాను.

టర్బో బిగించారు. బండి శబ్దం అదిరింది. కింద గేర్లలో మాత్రం కదల్లేదు. వేగం బాగా పెరిగితే తప్ప బూస్టు రాలేదు, వచ్చినప్పుడు లోపల టకటకమని నాకింగ్. రెండు వారాలకు ఒక రాత్రి ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కుతుండగా సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వచ్చిందట. విప్పి చూస్తే మూడో పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరిగి ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను. ఆ తమ్ముడితో నేను, "పెట్రోల్ మంచిది కాదు, ట్యూనింగ్ సరిగా చెయ్యలే" అన్నాను. మూడు రోజులు అదే మాట మీద ఉన్నాను. అతను నమ్మాడు. అదే నన్ను నిద్రపోనివ్వలేదు. కోపంతో కొట్లాడి ఉంటే నేనూ కొట్లాడేవాణ్ణేమో. "సరే అన్నా, నువ్వు చెప్తే అంతే" అని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు రాత్రి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని, ఆ క్యామ్ బిగించి, క్రాంక్ చివర డిగ్రీ చక్రం పెట్టాను. డిగ్రీ చక్రం అంటే మరేమీ కాదు, గుండ్రటి కోణమానిని. వాల్వు మీద డయల్ గేజి నిలబెట్టి, ఎక్కడ తెరుచుకుంటోంది, ఎక్కడ మూసుకుంటోంది అని ఒక్కో డిగ్రీ రాసుకున్నాను. సాన పట్టేముందు కొలతలు రాసి పెట్టుకున్న కాగితం పక్కన పెట్టాను. కంపెనీ క్యామ్‌కు ఓవర్‌లాప్ ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, నేను చేసిన దానికి అరవై దగ్గర ఉంది.

తర్వాత తెలిసినవాళ్ళను అడిగి, పుస్తకాలు తిరగేసి కారణం తెలుసుకున్నాను. టర్బోను తిప్పేది బయటికి పోయే పొగే. అది టర్బైన్ దగ్గర ఇరుక్కుంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. టర్బో ఎంత చిన్నదైతే ఆ ఒత్తిడి అంత ఎక్కువ. చవకలో దొరికే చిన్న డీజిల్ టర్బోల్లో, లోపలికి తోసే గాలి ఒత్తిడి కంటే బయట పొగ ఒత్తిడే ఎక్కువగా ఉంటుంది. అప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉంచితే ఏమవుతుంది? పొగ వెనక్కి తిరిగి సిలిండర్లోకే వస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, లోపల వేడి పెరుగుతుంది, వేడితో నాకింగ్ వస్తుంది, నాకింగ్‌తో పిస్టన్ పోతుంది. రేసు బండికి మేలు చేసే ఓవర్‌లాపే ఇక్కడ పిస్టన్‌ను విరగ్గొట్టింది. పెట్రోలుదీ ట్యూనింగ్‌దీ తప్పు కాదు. తప్పు నా సాన రాయిది, అంటే నాది.

పొద్దున్నే తమ్ముణ్ణి పిలిపించి రెండు కాగితాలూ చూపించాను. "తప్పు నాది, ఖర్చు నాది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి మొదటి రోజే చెప్పొచ్చు గదా అన్నా" అన్నాడు. దానికి నా దగ్గర ఈ రోజుకూ జవాబు లేదు.

పిస్టన్లు, రింగులు వేయించాను. సాన పట్టిన క్యామ్‌ను మళ్ళీ పాత ఆకారానికి తేలేం. తీసిన లోహం తిరిగి రాదు. రాణిగంజ్‌లో వెతికి అరగని కంపెనీ క్యామ్ ఒకటి తెచ్చి, కొలిచి బిగించాను. టర్బో అదే, బండి అదే. ఐడిల్ మెత్తగా ఉంది, బూస్టు ముందే అందుకుంది, గుట్ట మూడో గేరులో ఎక్కింది. నేను వారం రోజులు కష్టపడి చేసిన క్యామ్ కంటే ఏమీ చేయని క్యామే బాగుంది!

అప్పటి నుంచి చవకలో టర్బో అంటూ వచ్చే కుర్రాళ్ళకు ఒకటే వరుస చెబుతున్నాను. ముందు ఇంజన్ కంప్రెషన్ చూడు, నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయా? రేడియేటర్ బాగుందా? టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దానికి శుభ్రమైన ఆయిల్ వెళ్ళే దారి, తిరిగొచ్చే దారి సరిగా ఉన్నాయా? బూస్టుకు సరిపడా పెట్రోల్ అందుతోందా? స్పార్కు వెనక్కి జరిపే ఏర్పాటుందా? డీజిల్ పొగ కంటే పెట్రోల్ పొగ వేడి ఎక్కువ, ఆ టర్బో దానికి తట్టుకుంటుందా? ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే అప్పుడు క్యామ్ గురించి మాట్లాడదాం. చాలాసార్లు ఆ మాట రానే రాదు.

క్యామ్ అరిగిపోయి ఎలాగూ సాన పట్టాల్సి వస్తే, టర్బో కోసం అడగాల్సింది తక్కువ ఓవర్‌లాప్. ఒకే క్యామ్ ఉన్న ఇంజన్‌లో రెండు రకాల లోబులూ ఒకే కడ్డీ మీద ఉంటాయి, తర్వాత వాటి మధ్య కోణం మార్చలేం. కాబట్టి సాన పట్టేముందే తేల్చుకోవాలి. రెండు క్యాములున్న ఇంజన్ అయితే సర్దుబాటు పుల్లీలతో ఆ కోణాన్ని సాన రాయి ముట్టకుండానే మార్చొచ్చు. కొత్తగా సాన పట్టిన క్యామ్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలొద్దు. లోబులకు ఆయిల్ బాగా అందేలా 2000 చుట్ల దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి.

ఇంకో మాట. ఇలాంటి బండి రోడ్డు మీదికి కాదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. చెన్నై దగ్గర, కోయంబత్తూరు దగ్గర ట్రాకులున్నాయి. సరదా అక్కడ తీర్చుకోండి. ఆ రాత్రి గుట్ట మీద పిస్టన్‌తోనే పోయింది, ఇంకేమైనా అయ్యుంటే నేను ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడగలిగేవాణ్ణి కాదు.

సినిమాలో కారు శబ్దం తర్వాత కలుపుతారు. ఏ బండికి ఏ శబ్దమైనా వేయొచ్చు. ఇంజన్‌కు ఆ సౌకర్యం లేదు, లోపల ఏముందో అదే బయటికి వినిపిస్తుంది.

ఆ పాడైన క్యామ్‌ను నేను పారేయలేదు. ఈ రోజు తెచ్చాను. దాంతోపాటు ఒక డిగ్రీ చక్రం, ఒక డయల్ గేజి. హెడ్‌మాస్టర్ గారి అనుమతితో ఇవి బడి ప్రయోగశాలకు ఇస్తున్నాను. కోణమానిని ఎందుకు సార్ అని అడిగే పిల్లలకు చూపించండి.

ఇక ఆ తమ్ముడు. ఇప్పుడతను కెమెరామన్. పొద్దున్నుంచి ఈ సభను వీడియో తీస్తున్నది అతనే. ఈ మాట చెబుతున్నప్పుడు కెమెరా కదిలితే క్షమించండి.

లెక్కల సార్, యాభై నాలుగు డిగ్రీలు. ఈసారి కొలిచే చెబుతున్నాను.