తెలిసే చేసింది: అహల్య గురించి ఒక పాత తగాదా



మాకు పాఠం చెప్పిన మాస్టారి పేర ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నా వంతు. ఆయన పాండిత్యం గురించీ, శిష్యుల మీద ఆయనకున్న వాత్సల్యం గురించీ నాకు ముందు ఈ వేదిక మీద మాట్లాడినవాళ్ళు చాలా చెప్పారు. అవన్నీ అచ్చయ్యాయి. నాకూ ఆయనకూ మధ్య జరిగిన ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళతాను.

ఎం.ఏ. రెండో సంవత్సరంలో మాకు బాలకాండ పాఠం. ఆ రోజు నలభై ఎనిమిదో సర్గ. మాస్టారు పుస్తకం మూసి, "అహల్య మోసపోయింది, రాసుకోండి" అన్నారు. క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. నేను లేచి, "శ్లోకంలో ఆమెకు తెలుసనే ఉంది కదండీ" అన్నాను. ఆయన చాలాసేపు నా వైపు చూసి, "కూర్చో అమ్మా" అన్నారు. అంతే, తర్వాతి సర్గకు వెళ్ళిపోయారు. సాయంత్రం వాన పడుతుంటే తన గొడుగు నా చేతిలో పెట్టి తాను తడుస్తూ ఇంటికి నడిచారు. మర్నాడు గొడుగు తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ అడిగాను. జవాబు చెప్పలేదు. ఆయన పోయాక వారి అమ్మాయి ఆయన చదువుకున్న రామాయణం నాకిచ్చింది. ప్రతి పేజీ అంచునా పెన్సిలు రాతలే. ఆ సర్గ ఉన్న పేజీల అంచులు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఆయన మీద నాకున్న ప్రేమ, గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు. ఈ విషయంలో ఆయన పొరబడ్డారన్న నా అభిప్రాయమూ మారలేదు.

కరపత్రంలో నా ఉపన్యాసానికి "తెలుగు సాహిత్యంలో పరకీయ" అని పేరు వేశారు. పరకీయ అంటే తనది కాని మగవాణ్ణి కోరిన నాయిక. అందులో నన్ను పట్టి పీడించేది ఒక్క ప్రశ్నే. పెళ్ళయిన ఆడవాళ్ళు కొందరు మరో మగవాడి వైపు ఎందుకు వెళతారు? మన సాహిత్యం, మన చట్టం, మన వీధి అరుగులు ఈ ప్రశ్న చుట్టూ ఎంతో మాట్లాడాయి. ప్రశ్నను మాత్రం అడగలేదు. అడగకుండా తప్పించుకోవడానికి రెండు మాటలు దొరికాయి. ఒకటి "చెడిపోయింది". రెండోది "మోసపోయింది". మొదటి మాట అన్నవాళ్ళతో నాకు పెద్ద వాదం లేదు. వాళ్ళు తిట్టారు, అది తిట్టని అందరికీ తెలుసు. నా తగాదా రెండో మాటతో. అది దయ వేషంలో వచ్చింది కాబట్టి.

స్వీయ, పరకీయ, సామాన్య అనే నాయికా భేదాలు మీకు కొత్త కాదు. బాల్యవివాహాలు, ముసలి మొగుళ్ళు, 1929 శారదా చట్టం గురించి ఇదే వేదిక మీద విన్నారు. వాటిలోకి వెళ్ళను. నాయికా భేదాలు చెప్పే భానుదత్తుడి రసమంజరి దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. పరకీయకు అక్కడ ఆరు పేర్లున్నాయి: గుప్త, విదగ్ధ, లక్షిత, కులట, అనుశయాన, ముదిత. ఒకతె దాస్తుంది. ఒకతె మాటతోనో చేతతోనో నేర్పు చూపిస్తుంది. ఒకతె బయటపడిపోతుంది. ఒకతె మనసు ఒకరి దగ్గర నిలవదు. ఒకతె చేజారిన చోటుకు చింతిస్తుంది, ఒకతె దొరికిన అవకాశానికి పొంగిపోతుంది. బయల్దేరిన తర్వాత ఆమె ఎలా ఉంటుందో చెప్పే పేర్లే ఆరూ. బయల్దేరింది ఎందుకో చెప్పే పేరు ఒక్కటీ లేదు. "రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా" అన్న మన సామెత చూపూ బొంకు మీదే. శుకసప్తతిలో, హంసవింశతిలో కథకుడికి హుషారొచ్చేది ఆమె ఎలా తప్పించుకుందన్న చోటే. ఈ విషయంలో వాత్స్యాయనుడే నయం. కామసూత్రంలోని పారదారికాధికరణంలో ఆడది ఎందుకు వెనక్కి తగ్గుతుందో పొడుగాటి జాబితా రాశాడు: భర్త మీద ప్రేమ, పిల్లల ఆలోచన, ఈ మగవాడు రహస్యం దాచలేడేమోనన్న భయం, రేపు వదిలేసి పోతాడేమోనన్న అనుమానం. ఆయన రాసింది మగవాడి పని సానుకూలం కావడానికే. అయినా ఎదుట ఉన్నది లెక్క వేసుకునే మనిషి అని ఒప్పుకున్నాడు. తర్వాత వచ్చిన పెద్దమనుషులు ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు.

ఇక అహల్య దగ్గరికి వస్తాను.

బాలకాండలో వాల్మీకి చెప్పింది సూటిగా ఉంది. ముని వేషంలో వచ్చినవాడు ఇంద్రుడని ఆమె గుర్తుపట్టింది, దేవరాజు మీది కుతూహలంతో ఒప్పుకుంది, తర్వాత త్వరగా వెళ్ళిపొమ్మని, తననూ ఆమెనూ కాపాడుకోమని అతన్ని హెచ్చరించింది. గౌతముడి శాపంలోనూ రాయి లేదు. ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి ఉండమన్నాడు. రాయి కాళిదాసు నాటికి వచ్చి చేరింది. తమిళ కవి కంబడి అహల్యకు మొదట తెలియదు, మధ్యలో తెలుస్తుంది, తెలిశాకా ఆగదు. వాల్మీకినీ కంబణ్ణీ ఈ ఘట్టంలోనే పక్కపక్కన పెట్టి ఏ.కె. రామానుజన్ రాసిన వ్యాసం మీలో చాలామంది చదివే ఉంటారు. అధ్యాత్మ రామాయణం నాటికి ఆమెకు ఏమీ తెలియదు. మన ఇళ్ళల్లో చెప్పుకునే కథలో ఇంద్రుడు కోడై కూస్తాడు, గౌతముడు తెల్లారిందనుకుని ఏటికి పోతాడు, అహల్య నిద్రకళ్ళతో మోసపోతుంది. వరస చూడండి. తరం తర్వాత తరం ఆమె నిర్దోషిత్వం పెరుగుతూ వచ్చింది. దానితోపాటే ఆమె రాయి అవుతూ వచ్చింది. ఈ రెండూ వేరువేరు సంగతులని నేను అనుకోను. తెలివి లేదన్న తర్వాత ఆమెను రాయిని చెయ్యడానికి కవికి అడ్డేముంది?

దీనికి వచ్చిన అభ్యంతరాలు నాకు తెలుసు. ఒకటి, ఉత్తరకాండలో తనకు తెలియదని అహల్యే చెబుతుంది కదా అని. చెబుతుంది. ఎవరితో, ఎప్పుడు? శపించిన భర్త ఎదుట నిలబడి, క్షమించమని వేడుకుంటూ. దండించే అధికారం ఉన్నవాడి ముందు పలికిన మాటను ఆమె మనసుకు సాక్ష్యంగా నేను తీసుకోను. కథాసరిత్సాగరంలో ఇదే సన్నివేశం. ఇంద్రుడు పిల్లి రూపంలో ఉన్నాడు. ఎవరక్కడ అని గౌతముడు అడిగితే ఆమె ప్రాకృతంలో ఒక మాట అంటుంది. దానికి పిల్లి అనీ అర్థం, నా ప్రియుడు అనీ అర్థం. భయంలో కూడా అబద్ధం ఆడలేదు, నిజాన్ని ఆ మాటలోనే దాచింది. భర్త ముందు నిలబడ్డ ఆడదాని భాష ఎలా ఉంటుందో ఆ కవికి తెలుసు.

రెండో అభ్యంతరం మాస్టారిదే. ఆయన చెప్పలేదు గానీ, ఆయన మౌనంలో నేను దాన్ని విన్నాను. మోసపోయింది అనడం వల్లే కదా ఆమె పంచకన్యల్లో చేరింది, పొద్దున్నే తలుచుకునే పేరు అయింది? నిజం చెబితే ఆమెను జనం రాళ్ళతో కొట్టరా? ఇది మంచి మనసున్న వాదం. అయినా దీని ఖరీదు ఆడవాళ్ళు చెల్లించారు, అదీ నిన్నమొన్నటి దాకా.

1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ చూడండి. పరాయివాడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ళ దాకా ఖైదు. ఆమెను ప్రేరేపకురాలిగా కూడా శిక్షించకూడదు. భర్త ఒప్పుకుంటే అసలు నేరమే లేదు. దీన్ని చాలామంది స్త్రీలకు రక్షణ అనుకున్నారు. ఈ శిక్షాస్మృతికి మెకాలే తయారుచేసిన 1837 ముసాయిదాలో ఈ నేరమే లేదు. ఈ దేశంలో ఆడపిల్లకు పసితనంలోనే పెళ్ళి చేస్తారనీ, వయసులో ఉండగానే భర్త ఆమెను నిర్లక్ష్యం చేసి మరో భార్యను తెచ్చుకుంటాడనీ ఆ ముసాయిదా వివరణల్లో ఉంది. అంటే కారణం కొంతవరకు కళ్ళబడింది. తర్వాత సెక్షన్ వచ్చి చేరాక ఆ కారణం జాలిగా మారి, ఆమె ఏమీ తెలియనిదిగా మిగిలింది. 1985లో సౌమిత్రి విష్ణు కేసులో సుప్రీంకోర్టు, ప్రలోభపెట్టేవాడు మగవాడే, స్త్రీ కాదు, అది అందరూ ఒప్పుకున్న మాట అంది. నేను ఆ తీర్పు చదివినప్పుడు నాకు వినబడింది మాస్టారి గొంతే: మోసపోయింది, రాసుకోండి.

2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ సెక్షన్‌ను కొట్టేశారు. 1985 తీర్పు రాసింది వై.వి. చంద్రచూడ్. 2018 ధర్మాసనంలో ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్ ఉన్నారు. తండ్రి రాసిన దాన్ని కొడుకు కాదన్నారు. ఆ రాత్రి నేను మాస్టారి రామాయణం తీసి, ఆ తెల్లటి అంచు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పోనీ, మోసపోయింది అన్న ఆ మాట పోయిందా? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 84వ సెక్షన్‌గా పాత శిక్షాస్మృతిలోని 498 దాదాపు అలాగే ఉంది. పెళ్ళయిన స్త్రీని ప్రలోభపెట్టి తీసుకుపోవడం ఇంకా నేరమే. ఆమె తన కాళ్ళతో నడిచి వెళ్ళే మనిషి అని ఆ వాక్యానికి ఇంకా తట్టలేదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైంది. అది నా తరం స్త్రీల నుంచే వచ్చింది. ఓల్గా కథల పుస్తకం "విముక్త"లో అహల్య సీతతో మాట్లాడుతుంది. ఆమెకు తెలుసా తెలియదా అని విచారించడమే అధికారమని, ఆ విచారణకు లొంగనక్కర్లేదని అక్కడి అహల్య స్థానం. ఆ కథ చదివాక నా వాదం వదిలేద్దామా అనుకున్నాను. నెలల తరబడి ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఇది. న్యాయాధికారికి చెప్పనక్కర్లేదు, నిజమే. అయితే చెప్పకపోవడం వేరు, చెప్పడానికి ఏమీ లేకపోవడం వేరు. తార కథ గుర్తు చేసుకోండి. బృహస్పతి భార్య చంద్రుడి దగ్గర నుంచి గర్భంతో తిరిగొచ్చింది. బిడ్డ ఎవరిది అని దేవతలందరూ గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి చంద్రుడి పేరు చెప్పింది, బుధుడి కథ మొదలైంది. ఎందుకు వెళ్ళావమ్మా అని ఆ సభలో ఒక్కరూ అడగలేదు. మధుర నాయకుల కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు అహల్యా సంక్రందనం రాస్తూ, పెళ్ళికి ముందే ఆమె మనసు ఇంద్రుడి మీద ఉందన్నాడు. అంటే ఆమెకు ఒక గతం ఇచ్చాడు, ఒక కారణం ఇచ్చాడు. మన సాహిత్య చరిత్రలు ఆ కాలానికి క్షీణయుగమని పేరు పెట్టి పక్కన పెట్టేశాయి. 1927లో చలం "మైదానం"లో ప్లీడరు భార్య రాజేశ్వరి తన కథ తానే చెప్పుకుంది. ఆమె మాటలు విని ఆమెను తిట్టినవాళ్ళు, చలాన్ని తిట్టినవాళ్ళు కోకొల్లలు. ఆమె చెప్పిన కారణంతో వాదించినవాళ్ళు కొద్దిమంది.

వెళ్ళడం మంచిదని నేను అనడం లేదు. తల్లి వెళ్ళిపోయిన ఇళ్ళల్లో పిల్లల మొహాలు చూశాను. మా వీధిలో ఒకావిడ, ఇప్పుడు లేదు, తన ముసలితనంలో నాతో అంది: "కూర ఎలా ఉందండీ అని ఇరవై ఏళ్ళు అడిగాను. ఆయన పేపరు దించలేదు. ఇంకొకాయన అడక్కుండానే చెప్పాడు." అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇది కామమా, ఒంటరితనమా, పగా? ఏ శాస్త్రకారుడి ఆరు పేర్లలోనూ ఇమడదు.

ఆడది న్యాయాధికారికి చెప్పని మాట చెలికి చెబుతుంది. ఈ ఆలోచనే నన్ను పదకర్త క్షేత్రయ్య దగ్గరికి తీసుకొచ్చింది. నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. మువ్వగోపాలుడి పదాలన్నీ జీవాత్మ పరమాత్మల కథలని మాకు నేర్పారు. "వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్" అనే 1994 నాటి పుస్తకంలో రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఆ పొరను తీసి వేశ్య గొంతు వినిపించారు. నేను ఆ వేశ్య పక్కనే నిలబడ్డ ఇల్లాలి గొంతు కోసం వెతుకుతున్నాను. గర్భం నిలిచిందని తెలిసిన ఒక ఇల్లాలు ఏదైనా మందు వేరు తెచ్చిపెట్టమని ప్రియుడికి పురమాయించే పదం ఉంది. జీవాత్మకు ఆ వేరుతో పనేమిటి? ఆ పదం పాడేటప్పుడు గాయని గొంతులో భయం ఉండాలి, భక్తి కాదు.

పదం పదానికీ ఒక చీటీ రాస్తున్నాను. ఆమె మాట్లాడేది చెలితోనా, ప్రియుడితోనా, తనతోనేనా? ఆ సమయానికి భర్త ఎక్కడ ఉన్నాడు: ఊళ్ళో లేడా, ఇంట్లోనే నిద్రపోతున్నాడా, పదంలో అతని మాటే లేదా? అత్త ఉందా, ఆడబిడ్డ ఉందా? తన బాధను ఆమె దేనితో కొలుస్తోంది? అచ్చయిన సంకలనాల్లో ఒకే పదం చరణాలు ఒకదానిలో ఉన్నవి మరొకదానిలో ఉండవు. ఎవరు తీసేశారో, ఎవరు మరిచిపోయారో తెలియాలంటే చేతిరాత పుస్తకాలు కావాలి.

అందుకే ఈ సభను ఒకటి అడుగుతున్నాను. మీ ఇళ్ళల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, సంగీతం నేర్పిన పంతులమ్మలు పదాలు రాసుకున్న నోటు పుస్తకాలు ఉంటాయి. అట్టలు ఊడిపోయి ఉంటాయి, సిరా వెలిసిపోయి ఉంటుంది. కొన్ని పేజీలు అతికించేసి ఉండొచ్చు, కొన్ని చరణాల మీద గీతలు కొట్టేసి ఉండొచ్చు. ఆ అతికించిన పేజీలే నాకు కావాలి. వాటిని ఎండలో పెట్టకండి, అంటుకున్న కాగితాలు విడదియ్యడానికి ప్రయత్నించకండి. నాకు కబురు పెట్టండి. ఎంత దూరమైనా నేనే వస్తాను. నకలు తీసుకుని పుస్తకం మీ ఇంట్లోనే ఉంచేస్తాను. మాస్టారి అమ్మాయి ముందు వరసలోనే కూర్చుని ఉంది. వాళ్ళ అమ్మగారు రాసుకున్న పుస్తకం ఒకటి అటక మీద పెట్టెలో ఉందని ఇందాక గుమ్మం దగ్గర చెప్పింది. ఈ ఆదివారం పొద్దున వస్తానని మాట ఇచ్చాను.