తాతమ్మ పేరేమిటి?



దివిసీమలో ఒక అక్క ఉందనుకోండి. కూలికి పోతుంది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఒకరోజు తనవాళ్ళ పేర్లు రాయాలనుకుంది. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు రాసింది. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు రాసింది. అమ్మమ్మ తల్లి పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. తాతమ్మని అందరూ "పెద్దోడి అమ్మా" అనేవారట. మరి ఆమెకీ ఒక పేరుంది గదా!

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యని", "ఫలానా అబ్బాయి తల్లిని" అన్నారు. ఇలాంటివాళ్ళు దాదాపు 28 లక్షల మంది. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు. పేరు లేదు. అందుకని ఓటూ లేకుండా పోయింది.

ఆ అక్క పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ నవ్వింది.

"మీ అమ్మ పేరే మా అమ్మమ్మ పేరు. అందుకే మీ అమ్మని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పెద్దావిడ పేరు పెట్టి తిట్టకూడదు గదా!"

మరి పుట్టిన ఏడు? దానికి గుర్తులు అడగాలి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. "ఉప్పెనకి అప్పుడే నడక నేర్చింది" అంటే 1976లో పుట్టి ఉంటుంది. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. "బ్యారేజీ అయిన ఏడు పెళ్ళి" అంటే అదీ ఒక లెక్కే. పాత ఓటర్ల జాబితా, బడి రిజిస్టరు, పొలం కాగితాలు కూడా చూడాలి.

ఇదంతా ఎందుకు అంటారా? వినండి.

ఆ అక్క నాన్న పోయాడు. ఆయన కొనుక్కున్న ఎకరం పొలం ఉంది. వీలునామా లేదు. ఆఫీసులో ఇవ్వడానికి అన్నయ్య వంశవృక్షం రాయించాడు. అక్క కూడబలుక్కుని చదివింది. అందులో అన్నదమ్ముల పేర్లే ఉన్నాయి.

"ఇందులో నా పేరేది అన్నయ్యా?"

"నీకు పెళ్ళయింది గదమ్మా!"

"పెళ్ళయితే నాన్న కూతుర్ని కాకుండా పోతానా?"

అక్క అడిగింది న్యాయమే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. పెళ్ళయినా ఉంది. పిత్రార్జితంలో మన రాష్ట్రంలో 1985 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా, పెళ్ళయిన కూతుళ్ళకూ వచ్చింది.

అన్నయ్య మాట్లాడలేదు. వదిన ఆ కాగితం తీసుకుంది. తన పుట్టింటి కాగితంలో తన పేరుందో లేదో ఆమెకీ తెలీదు.

"రాయించండి. ఆమెది కూడా రాయించండి" అంది.

కొత్త కాగితంలో అన్నదమ్ముల పక్కన అక్క పేరు ఎక్కింది. కింద వేలిముద్ర వేయలేదు. తన పేరు తనే రాసింది.

అక్కలారా! ఈ రాత్రి ఇంట్లో పెద్దావిడని అడగండి. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, తాతమ్మ పేరు రాయండి. ఆ కింద మీ పేరు రాయండి. మీ కూతురి పేరు కూడా రాయండి.